సమీకరణాలు తుల్యం చేయడం: అంకెలు బట్టీ పట్టించకుండా పాపకు ఎట్లా నేర్పాలి?

ప్రొద్దుటూరు_అమ్మ
అందరికీ నమస్కారం. మా పాప పదో తరగతి. బ్యూటేన్ మండే సమీకరణం అడిగితే "2, 13, 8, 10" అని టకటకా చెప్తుంది. బ్యూటేన్ తీసి ప్రొపేన్ పెడితే అక్కడే ఆగిపోతుంది. ఆ 13 ఎక్కడి నుంచి వచ్చిందే అంటే, "అట్లే రాయాలని ట్యూషన్‌లో చెప్పినారు" అంటోంది. గుణకాల వరస ఒక పేజీ నిండా రాయించి బట్టీ పట్టిస్తున్నారంట. పరీక్షలో ఒక్క పదార్థం మార్చి ఇచ్చినా నా బిడ్డ ఏం రాస్తుందోనని నాకే టెన్షన్‌గా ఉంది.

నేను బీకాం చదివినాను. లెక్క అర్థమవుతుంది, కెమిస్ట్రీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ మూలకం ముందు చూడాలి, ఏది చివరకు వదలాలి? అసలు ఆ అంకెలు ఎందుకు పెడతారు? దయచేసి వివరంగా చెప్పండి. పాపను పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తాను.

కర్నూలు_రసాయనం
అమ్మా, బీకాం చదివినారు కాబట్టి మీకు ఇది తొందరగా పట్టుబడుతుంది. రెండు పక్కలా మొత్తం సమానంగా రావాల్సిన జమాఖర్చు పుస్తకమే ఇది. కాకపోతే ఇక్కడ ఒక్కో మూలకానికి ఒక్కో ఖాతా.

ముందు "ఎందుకు" అన్న ప్రశ్న. 1774లో లవోయిజర్ గాజుపాత్రలో తగరం వేసి, మూతి పూర్తిగా మూసి, వేడిచేశాడు. లోపల తగరం కొంత బూడిదగా మారింది. తూచి చూస్తే పాత్ర మొత్తం బరువు మాత్రం మారలేదు. మూతి తెరిచాక బయటి గాలి లోపలికి దూరింది, అప్పుడు బరువు పెరిగింది. తగరం గాలిలోంచి ఏదో తీసుకుందన్నమాట. కొత్తగా ఏదీ పుట్టలేదు, ఉన్నది పోలేదు. ద్రవ్యనిత్యత్వ నియమం అని పుస్తకంలో ఒక వాక్యంగా చదివి దాటేసేది ఇదే. చర్యలో పరమాణువులు జట్లు మారతాయి, వాటి సంఖ్య మారదు. బాణం గుర్తుకు అటూ ఇటూ ప్రతి మూలకమూ సరిపోవాలనేది అందుకే.

ఫోన్‌లో కింది అంకెలు సరిగా పడవు, కాబట్టి సంకేతాలకు బదులు పేర్లే రాస్తాను.

బ్యూటేన్ అణువులో కార్బన్ 4, హైడ్రోజన్ 10. ఆక్సిజన్ అణువులో ఆక్సిజన్ 2. కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్ 1, ఆక్సిజన్ 2. నీటిలో హైడ్రోజన్ 2, ఆక్సిజన్ 1.

బ్యూటేన్ ఒకటే అనుకుందాం. దాని 4 కార్బన్లు వెళ్ళే చోటు కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే, కాబట్టి అక్కడ 4. 10 హైడ్రోజన్లు వెళ్ళే చోటు నీరు ఒక్కటే, ఒక్కో అణువు రెండేసి పట్టుకుపోతుంది, కాబట్టి నీరు 5. ఇప్పుడు కుడి పక్క ఆక్సిజన్లు లెక్కపెట్టండి. కార్బన్ డయాక్సైడ్‌లో 8, నీటిలో 5, మొత్తం 13. ఎడమ పక్క ఆక్సిజన్ జంటలుగా వస్తుంది, కాబట్టి ఆరున్నర అణువులు కావాలి. సగం అణువు రాయడం బాగుండదు కాబట్టి మొత్తాన్ని రెండుతో గుణిస్తాం.

2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు

ట్యూషన్‌లో రాయించిన 13 అదేనమ్మా. ఇంట్లో వాడే గ్యాస్ ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమమే, కాబట్టి పొయ్యి దగ్గరే పాపకు చూపించొచ్చు. ప్రొపేన్‌లో కార్బన్ 3, హైడ్రోజన్ 8. దాన్ని మాత్రం పాపతోనే చేయించండి, నేను చెప్పను.

ప్రొద్దుటూరు_అమ్మ
సార్, పాప ఇప్పుడే చేసింది. ప్రొపేన్ 1, ఆక్సిజన్ 5, కార్బన్ డయాక్సైడ్ 3, నీరు 4. సరేనా? కార్బన్ ముందు, హైడ్రోజన్ తర్వాత, ఆక్సిజన్ చివర. అన్నిటికీ ఇదే వరస పెట్టుకోమంటారా?

కర్నూలు_రసాయనం
కుడి పక్క ఆక్సిజన్ 6, 4 కలిపి 10. ఎడమ పక్క 5 జంటలు. సరిపోయింది, శభాష్ అని చెప్పండి.

వరస పేరును బట్టి కాదమ్మా, చోటును బట్టి. బాణానికి రెండు పక్కలా ఒక్కో పదార్థంలోనే కనిపించే మూలకాన్ని ముందు పట్టుకోవాలి. రెండు మూడు పదార్థాల్లో చెదిరి ఉన్నదాన్ని తర్వాత చూడాలి. ఒంటరిగా, మూలకంగానే ఉన్న పదార్థాన్ని చివరకు వదలాలి. ఎందుకంటే దాని గుణకం మారిస్తే ఇంకే ఖాతా కదలదు. ఇంధనం మండేటప్పుడు ఆ ఒంటరి పదార్థం ఆక్సిజన్ కావడం వల్లే అది చివరకు వచ్చింది.

కడప_టీచరమ్మ
సార్ చెప్పిన వరస నిజంగా పనిచేస్తుంది. క్లాసులో రోజూ కనపడే ఇంకో ఇబ్బంది చెప్తాను. పిల్లలు గుణకం మార్చాల్సిన చోట ఫార్ములానే మార్చేస్తారు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు వచ్చే చర్య ఇస్తే, కుడి పక్క ఆక్సిజన్ ఒకటి తగ్గిందని నీటికి ఇంకో ఆక్సిజన్ తగిలిస్తారు. అంకెలు సరిపోతాయి. కానీ అది ఇక నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. ఫార్ములా లోపలి కింది అంకె ఆ పదార్థం ఏమిటో చెప్తుంది. ముందు రాసే గుణకం అట్లాంటివి ఎన్నో చెప్తుంది. మనం ముట్టుకోవాల్సింది గుణకాన్నే.

సరైన జవాబు 2 హైడ్రోజన్ + 1 ఆక్సిజన్ → 2 నీరు.

అక్కా, పాపతో ప్రతి ఫార్ములా చుట్టూ పెన్సిల్‌తో ఒక గడి గీయించండి. గడి లోపలికి పెన్ను పోకూడదని చెప్పండి. మా పిల్లలకు ఇది బాగా ఉపయోగపడింది.

ఎర్రగుంట్ల_ల్యాబ్
సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఈ సమీకరణాలు పరీక్ష తర్వాత ఎందుకూ పనికిరావని పిల్లలు అనుకుంటారు, అందుకే రాస్తున్నాను. మా రోజంతా వాటితోనే గడుస్తుంది.

సున్నపురాయి అంటే కాల్షియం కార్బనేట్. కాలిస్తే సున్నం, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. గుణకాలన్నీ 1 కాబట్టి తుల్యం చేయడానికి ఏమీ లేదు. కానీ బరువులు వేసి చూడండి. కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16. కార్బనేట్ 100, సున్నం 56, గ్యాస్ 44. వంద కిలోల శుద్ధమైన రాయి కాలిస్తే 56 కిలోలే మిగులుతుంది, 44 కిలోలు గాలిలో కలిసిపోతుంది.

ల్యాబ్‌లో చిన్న మూసలో రాతిపొడి తూచి, కొలిమిలో పెట్టి, మళ్ళీ తూస్తాం. తగ్గిన శాతాన్ని ఎల్‌ఓఐ అంటాం. క్వారీ నుంచి వచ్చిన శాంపిల్‌కు 44కు దగ్గరగా వస్తే రాయి మంచిది. 44 కంటే బాగా తక్కువ వస్తే అందులో ఇసుక, మట్టి ఎక్కువ కలిసి ఉన్నట్టు. రాయి రకాన్ని ఒక సమీకరణంతో పట్టేస్తున్నామన్నమాట.

తర్వాతి సంగతి కూడా పాపకు చెప్పండి. ఆ సున్నంలో నీళ్ళు పోస్తే బుసబుస పొంగి తడి సున్నం అవుతుంది. 56కు 18 కలిసి 74. దాన్ని గోడకు కొడితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని, నీటిని వదిలి, మళ్ళీ కాల్షియం కార్బనేట్‌గా గట్టిపడుతుంది. 74కు 44 కలిస్తే 118. అందులో 18 నీరుగా పోతే మిగిలేది 100. మొదట్లో ఉన్న రాయి బరువే.

గుంతకల్లు_ట్రాక్
ల్యాబ్ అన్న చెప్పింది చదివాక మా పని గుర్తొచ్చింది. రైలు పట్టాలు అతికించేదాన్ని మేము ఏటీ వెల్డింగ్ అంటాము. ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం పొడి కలిసిన సంచిని పోర్షన్ అంటాము. అంటిస్తే 2,000 డిగ్రీలు దాటే వేడి పుట్టి, కరిగిన ఇనుము రెండు పట్టాల సందులోకి దిగుతుంది. దీని సమీకరణం ఎవరన్నా రాస్తారా? చదువుకున్నప్పుడు చూసినాను, ఇప్పుడు లెక్క తెలుసుకోవాలని ఉంది.

కడప_టీచరమ్మ
అన్నా, ఇది పదో తరగతి పాఠంలో ఉన్నదే. ఐరన్ ఆక్సైడ్‌లో ఇనుము 2, ఆక్సిజన్ 3. అల్యూమినియం ఆక్సైడ్‌లో అల్యూమినియం 2, ఆక్సిజన్ 3. ఆక్సిజన్ రెండు పక్కలా మూడే కాబట్టి దాన్ని కదపక్కర్లేదు. మిగతా రెండూ ఒంటరి లోహాలు, రెంటికీ 2.

ఐరన్ ఆక్సైడ్ + 2 అల్యూమినియం → 2 ఇనుము + అల్యూమినియం ఆక్సైడ్

ఇనుము 56, అల్యూమినియం 27 వేసుకుంటే ఆక్సైడ్ 160 గ్రాములకు అల్యూమినియం 54 గ్రాములు కావాలి. సుమారు మూడుకు ఒకటి. ఈ 214 గ్రాముల నుంచి ఇనుము 112 గ్రాములు దిగుతుంది. మిగతా 102 పైన తేలే చిట్టెం. ఇక్కడ గుణకం 2 అని తెలియకపోతే అల్యూమినియం సగమే కలిపి, ఆక్సైడ్ సగం మిగిలిపోయేది.

గుంతకల్లు_ట్రాక్
చాలా థ్యాంక్స్ మేడమ్. అసలు పోర్షన్‌లో ఉక్కు ముక్కలు, మాంగనీస్ లాంటివి కూడా కలిపి ఇస్తారు, అందుకని దిగే లోహం ఇంకా ఎక్కువ ఉంటుంది. చిట్టెం ఎందుకు అంత వస్తుందో ఇప్పుడు అర్థమైంది. మా వాడు తొమ్మిది చదువుతున్నాడు, ఈ రాత్రికే వాడికి చూపిస్తాను.

ఆదోని_ఇంటర్
సార్, నాది ఇంటర్ ఎంపీసీ. పొటాషియం పర్మాంగనేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే పొటాషియం క్లోరైడ్, మాంగనీస్ క్లోరైడ్, నీరు, క్లోరిన్ వస్తాయి. క్లోరిన్ నాలుగు చోట్ల ఉంది. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడిపోతోంది. చూసి చేసే పద్ధతి దీనికి పనికిరాదా?

అనంత_బీటెక్
తమ్ముడూ, ఇట్లాంటిదానికి బీజగణితం వాడు. గుణకాలకు వరసగా అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని పేర్లు పెట్టుకో. పర్మాంగనేట్ అ, ఆమ్లం ఆ, పొటాషియం క్లోరైడ్ ఇ, మాంగనీస్ క్లోరైడ్ ఈ, నీరు ఉ, క్లోరిన్ ఊ.

పర్మాంగనేట్‌లో పొటాషియం 1, మాంగనీస్ 1, ఆక్సిజన్ 4. మాంగనీస్ క్లోరైడ్‌లో క్లోరిన్ 2.

పొటాషియం ఖాతా చూస్తే ఇ = అ. మాంగనీస్ ఖాతాలో ఈ = అ. ఆక్సిజన్ అంతా నీటిలోకే పోతుంది కాబట్టి ఉ = 4అ. నీటిలోని హైడ్రోజన్ అంతా ఆమ్లం నుంచే రావాలి కాబట్టి ఆ = 8అ. ఇక మిగిలింది క్లోరిన్ ఒక్కటే. ఎడమ పక్క 8అ. కుడి పక్క అ, 2అ, దానికి 2ఊ. అంటే 2ఊ = 5అ. సగాలు రాకుండా అ = 2 వేస్తే ఊ = 5.

2 పర్మాంగనేట్ + 16 హైడ్రోక్లోరిక్ ఆమ్లం → 2 పొటాషియం క్లోరైడ్ + 2 మాంగనీస్ క్లోరైడ్ + 8 నీరు + 5 క్లోరిన్

ఇందులో ఎక్కడా ఊహించే పని లేదు. ఎన్ని పదార్థాలున్నా కంప్యూటర్‌కు ఇచ్చి మాత్రికలతో చేయించవచ్చు. అందరికీ మొదటి నుంచే ఈ పద్ధతి నేర్పితే మేలని నా అభిప్రాయం.

కర్నూలు_రసాయనం
లెక్క చక్కగా ఉంది బాబూ. కానీ మొదటి నుంచే ఇది నేర్పాలన్న మాటకు నేను ఒప్పుకోను. అక్షరాలతో లెక్క చేసిన పిల్లవాడికి 16 వస్తుంది. ఆ 16లో ఏం జరిగిందో కనపడదు. ఆక్సీకరణ సంఖ్యలతో, అంటే ఏ పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు ఇచ్చిందో తీసుకుందో చెప్పే లెక్కతో చూస్తే కనపడుతుంది.

మాంగనీస్ +7 నుంచి +2కు దిగింది, అంటే ఒక్కోటి 5 ఎలక్ట్రాన్లు తీసుకుంది. క్లోరిన్ −1 నుంచి 0కు వచ్చింది, ఒక్కోటి 1 ఇచ్చింది. క్లోరిన్ అణువుకు రెండు పరమాణువులు కాబట్టి 2. 5, 2ల క.సా.గు. 10. అందుకని మాంగనీస్ 2, క్లోరిన్ అణువులు 5. ఇంతవరకు ఆమ్లం 10 అణువులే ఖర్చయింది. మరి మిగతా 6? 2 పొటాషియం క్లోరైడ్‌కు 2, 2 మాంగనీస్ క్లోరైడ్‌కు 4. ఆ ఆరు క్లోరిన్లు ఎలక్ట్రాన్లు ఇవ్వలేదు, లవణంలోకి వెళ్ళి కూర్చున్నాయి. ఒకే ఆమ్లం రెండు పనులు చేసింది. నాలుగు చోట్ల క్లోరిన్ ఉందని ఆ అబ్బాయి తికమకపడింది ఇందుకే.

అనంత_బీటెక్
సార్, ఆ 10, 6 వివరణ నిజంగా బాగుంది. బీజగణితంలో అది కనపడదు, ఒప్పుకుంటాను. మీ మాటకు బలమిచ్చే ఉదాహరణ ఇంకోటి ఉంది. ఆమ్లం కలిసిన పర్మాంగనేట్‌తో హైడ్రోజన్ పెరాక్సైడ్ చర్య. అక్షరాలు పెట్టి చేస్తే ఒక్క జవాబు తేలదు. పర్మాంగనేట్ 2, సల్ఫ్యూరిక్ ఆమ్లం 3, పొటాషియం సల్ఫేట్ 1, మాంగనీస్ సల్ఫేట్ 2. ఇవి కదలవు. పెరాక్సైడ్ 5 వేస్తే ఆక్సిజన్ 5, నీరు 8. పెరాక్సైడ్ 7 వేస్తే ఆక్సిజన్ 6, నీరు 10. రెండూ పరమాణువుల లెక్కకు సరిపోతాయి!

ఆదోని_ఇంటర్
అన్నా, నేను రెండూ లెక్కపెట్టి చూసినాను. నిజంగానే రెండూ సరిపోతున్నాయి. మరి ఏది రాయాలి?

కర్నూలు_రసాయనం
5 రాయాలి. రెండు మాంగనీస్‌లు కలిసి 10 ఎలక్ట్రాన్లు తీసుకుంటాయి. ఒక్కో పెరాక్సైడ్ అణువు ఆక్సిజన్‌గా మారుతూ 2 ఇస్తుంది. పదికి ఐదు అణువులు చాలు. 7 రాసినప్పుడు అదనంగా చేరిన రెండు పెరాక్సైడ్‌లు పర్మాంగనేట్‌తో పని లేకుండా తమంతట తామే విడిపోయి ఒక ఆక్సిజన్, రెండు నీళ్ళు అయ్యాయి. అది వేరే చర్య. రెండు చర్యలు ఒకే గీతలో కలిసిపోయాయి, అందుకే లెక్క సరిపోయింది. పరమాణువులతో పాటు ఎలక్ట్రాన్లూ చూడమనేది ఇందుకే. అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, ఉన్న సమీకరణంలో ఆ ఆవేశం కూడా సరిపోవాలి. రాగి లోహం, వెండి అయాన్ల చర్యలో పరమాణువులు ఒకటికొకటి సరిపోయినా, ఏర్పడే రాగి అయాన్ మీద 2 ఆవేశం, వెండి అయాన్ మీద 1 ఉంటుంది కాబట్టి వెండి 2 కావాలి.

ఎర్రగుంట్ల_ల్యాబ్
ఈ విషయం మా వైపు ఇంకో రకంగా తగులుతుంది. ఇంతకుముందు మంగంపేట ముగ్గురాయితో బేరియం రసాయనాలు చేసేచోట పనిచేశాను. ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో అదొకటి. అక్కడి రాయి ఎక్కువగా చమురు బావుల డ్రిల్లింగ్‌కు పోతుంది, కొంత మాత్రం రసాయనాలకు. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. బొగ్గుపొడితో కలిపి కాలిస్తే బేరియం సల్ఫైడ్ వస్తుంది, మేము బ్లాక్ యాష్ అనేవాళ్ళం.

బేరియం సల్ఫేట్ + 4 కార్బన్ → బేరియం సల్ఫైడ్ + 4 కార్బన్ మోనాక్సైడ్
బేరియం సల్ఫేట్ + 2 కార్బన్ → బేరియం సల్ఫైడ్ + 2 కార్బన్ డయాక్సైడ్

రెండూ తుల్యమే. రాయి కాల్చే కొలిమిలో మొదటి చర్య నడుస్తుంటే బొగ్గు రెండింతలు కావాలి. బాగా ఎక్కువ వేడిలో కార్బన్ మోనాక్సైడ్ వైపే మొగ్గు ఉంటుంది, అది విషవాయువు కూడా. ఏది ఎంత జరుగుతోందో కాగితం చెప్పదు, పొగ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

కడప_టీచరమ్మ
పిల్లలకు పనికొచ్చే ఒక చిట్కా మిగిలిపోయింది. సల్ఫేట్, నైట్రేట్, సయనైడ్ లాంటి గుంపు విడిపోకుండా బాణం దాటితే దాన్ని ఒకే ముద్దగా లెక్కపెట్టండి. మన రామగిరి, జొన్నగిరి వైపు బంగారం ఉంది కదా. ఖనిజం నుంచి బంగారం కరిగించే ఎల్స్నర్ సమీకరణం చూడండి.

4 బంగారం + 8 సోడియం సయనైడ్ + ఆక్సిజన్ + 2 నీరు → 4 సోడియం ఆరోసయనైడ్ + 4 సోడియం హైడ్రాక్సైడ్

ఆరోసయనైడ్‌లో ఒక సోడియం, ఒక బంగారం, రెండు సయనైడ్ ముద్దలు. కార్బన్, నైట్రోజన్ విడివిడిగా చూడకపోతే సగం పని తగ్గుతుంది. కానీ రాగి మీద నత్రికామ్లం పోసినప్పుడు జాగ్రత్త. కొంత నైట్రేట్ లవణంలోకి పోతుంది, కొంత విరిగి వాయువుగా వస్తుంది. విరిగితే ముద్ద లెక్క పనిచేయదు.

ప్రొద్దుటూరు_అమ్మ
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పర్మాంగనేట్ మాకు ఇంకా దూరం గానీ మిగతావన్నీ చదివించినాను. పుస్తకం చూడకుండా పాప ఒకటి ప్రయత్నిస్తోంది. ఐరన్ పైరైటిస్, అంటే ఇనుము 1, గంధకం 2. గాలిలో కాలిస్తే ఐరన్ ఆక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్. ఇనుముకు 2 పైరైటిస్, గంధకానికి 4 సల్ఫర్ డయాక్సైడ్ వేసింది. ఆక్సిజన్ దగ్గర 11 వచ్చి ఆగింది.

కడప_టీచరమ్మ
సరైన చోటే ఉంది అక్కా. ఐరన్ ఆక్సైడ్‌లో ఆక్సిజన్ 3, బేసి సంఖ్య. ఎడమ పక్క ఆక్సిజన్ ఎప్పుడూ జంటగానే వస్తుంది కాబట్టి కుడి పక్క మొత్తం సరిసంఖ్య కావాలి. ఐరన్ ఆక్సైడ్‌ను 2 చేయమనండి, మిగతావి వాటంతట అవే వస్తాయి.

ప్రొద్దుటూరు_అమ్మ
పైరైటిస్ 4, ఆక్సిజన్ 11, ఐరన్ ఆక్సైడ్ 2, సల్ఫర్ డయాక్సైడ్ 8. ఆక్సిజన్ అటు 22, ఇటు 6, 16 కలిపి 22 అని తనే సరిచూసుకుంది మేడమ్.

కడప_టీచరమ్మ
కరెక్ట్. రేపటికి అమ్మోనియా ఇవ్వండి: నైట్రోజన్ 1, హైడ్రోజన్ 3. ఆక్సిజన్‌తో కలిసి నైట్రిక్ ఆక్సైడ్, నీరు వస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్‌లో నైట్రోజన్ 1, ఆక్సిజన్ 1. ఇక్కడ బేసి సంఖ్య ముందు హైడ్రోజన్ దగ్గరే ఎదురవుతుంది. తను రాసింది ఇక్కడ పెట్టండి, చూస్తాను.